క్లిక్ ఆగినా లెక్క ఆగకూడదు

(నల్లకుంటలో జరిగిన పాల సంఘాల కార్యదర్శుల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు మేము మాట్లాడబోయేది పచ్చిమేత గురించి కాదు, దాణా గురించి కాదు, పొదుగువాపు వ్యాధి గురించి కూడా కాదు. సంఘం బల్ల మీద ఉండే ల్యాప్‌టాప్ గురించి. అందులోనూ ఒక చిన్న భాగం గురించి. బాణం గుర్తును నడిపే మౌస్ గాని, మీటల కింద వేలితో తడిమే పలక గాని నొక్కినా క్లిక్ పడకపోతే ఏమి చెయ్యాలన్నదే ఈనాటి విషయం. ఆ పలకను టచ్‌ప్యాడ్ అంటున్నాము.

ఇంత చిన్న సంగతికి ఒక ప్రసంగమా అని కొందరికి అనిపించవచ్చు. కాని పాలు పోసే వేళ ఇది చిన్న సంగతి కాదు. తూకం అయింది, వెన్న శాతం వచ్చింది, తెర మీద బాణం కూడా కదులుతున్నది. కాని క్లిక్ పడదు. పోసిన పాలు ఎవరి పేరునా ఎక్కవు, చీటీ రాదు. వెనుక వరుస పెరుగుతుంది. పితికిన పాలలో సూక్ష్మజీవులు వెచ్చదనంలో వేగంగా పెరుగుతాయి గనుక వాటిని ఎంత త్వరగా 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరిస్తే అంత మేలు. క్లిక్ కోసం ఆగిన ప్రతి నిమిషమూ ఆ పాల నాణ్యతలోంచి తరుగు పోతుంది. మన ఊళ్ళ పాలు చివరకు చేరేది ఈ నల్లకుంట, నారాయణగూడ, చిక్కడపల్లి వంటి పేటల ఇళ్ళకే. అక్కడ పొయ్యి మీద పాలు విరిగిపోతే ఆ ఇల్లాలికి మన టచ్‌ప్యాడ్ కథ తెలియదు. పాలు బాగా లేవన్న మాట మాత్రమే ఆమెకు తెలుస్తుంది.

వేరుచేసి చూడటం

మనం కూర్చున్న ఈ నల్లకుంటలో అందరికీ తెలిసిన ఫీవరు ఆసుపత్రి ఉన్నది. దానికి సర్ రొనాల్డ్ రాస్ పేరు పెట్టారు. పాతకాలపు వారి నోట మాత్రం అది కోరంటి దవాఖానా. క్వారంటైన్ అనే మాటే వాడుకలో కోరంటి అయింది. జబ్బు ఉన్నవారిని లేనివారి నుంచి వేరుచేసి ఉంచటమని దాని అర్థం. ఆ రాస్ దొర 1897 ఆగస్టులో సికింద్రాబాదులో మలేరియా రహస్యం కనిపెట్టినది కూడా వేరుచేసి చూడటం వల్లనే. ఎన్నో దోమలను కోసి చూశాడు, ఏమీ దొరకలేదు. చివరకు రోగిని కుట్టిన ఒక రకం దోమ కడుపులో మలేరియా క్రిమి జాడ దొరికింది. ఏ దోమ కాదో తేలుతూ వచ్చింది గనుకనే ఏ దోమో తెలిసింది.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. గేదె పాలు తగ్గితే పొదుగంతా చెడిందని అనుకోము. నాలుగు చన్నుల పాలు వేరువేరుగా పిండి చూసి, దోషం ఏ చన్నులో ఉన్నదో తెలుసుకుంటాము. ల్యాప్‌టాప్‌కు కూడా అంతే. క్లిక్ పడలేదనగానే యంత్రం పోయిందని అనవద్దు, కొత్తది కొనవద్దు, పట్నానికి మోయవద్దు. దోషం ఎక్కడ లేదో ఒక్కొక్కటిగా తేల్చుకుంటూ రండి. అది ఎక్కడ ఉన్నదో తానే బయటపడుతుంది.

అది పని చేసే తీరు

మౌస్ అనేది అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన. మొదటిది చెక్క డబ్బాలో చేశారు. దానికి 1970లో పేటెంటు వచ్చింది. మన దేశంలో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైనది కూడా ఆ 1970లోనే. ఆనాడు ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఈనాడు రెండూ మన సంఘం బల్ల మీద కలుసుకున్నాయి.

టచ్‌ప్యాడ్ రెండు వేరు పనులు చేస్తుంది. ఒకటి, వేలు ఎక్కడ ఉన్నదో కనిపెట్టడం. పలక కింద సన్నని తీగల వల వంటిది ఉంటుంది. మన వేలు దగ్గరకు రాగానే అక్కడి విద్యుత్తులో కలిగే స్వల్ప మార్పును అది పసికడుతుంది. అందువల్లనే కలంతో గీస్తే అది కదలదు, వేలితో తాకితే కదులుతుంది. రెండవది, నొక్కడం. చాలా యంత్రాలలో పలక కింది అంచున ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. పలకను నొక్కితే అది కిందికి దిగి స్విచ్చిని తాకుతుంది. మనకు వినిపించే టిక్కు ఆ స్విచ్చిదే.

కావున మొదట అడగవలసిన ప్రశ్న ఇది: బాణం కదులుతున్నదా, లేదా? కదులుతూ క్లిక్ పడకపోతే దోషం స్విచ్చిలోనో, అమరికలలోనో, చిక్కుకుపోయిన ప్రోగ్రాములోనో ఉంటుంది. బాణమే కదలకపోతే టచ్‌ప్యాడ్‌ను ఎవరో ఆపివేసి ఉండవచ్చు, లేక దానిని నడిపే డ్రైవరు గాని లోపలి తీగ గాని దెబ్బతిని ఉండవచ్చు. ఈ ఒక్క ప్రశ్నతో సగం దారి తెలుస్తుంది.

ముందు పాలు, తరువాత యంత్రం

పరీక్షలు చెప్పేముందు ఒక మనవి. పాలు పోసే వేళ వరుసను నిలబెట్టి మరమ్మతు చెయ్యకండి. వెంటనే చేతి పుస్తకం తియ్యండి. సభ్యుని నంబరు, లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. శాతం యంత్రాల మీద కనబడినవి కనబడినట్టు అప్పుడే రాయండి. సభ్యునికి చూపించి సంతకమో, వేలిముద్రో తీసుకోండి. తరువాత జ్ఞాపకం మీద ఎక్కిస్తామని వదలకండి. 6.2 అనుకున్నది 5.8గా ఎక్కితే అది అంకెల తేడా మాత్రమే కాదు. ఒక ఇంటి ఆ పూట కూలిలోంచి పోయిన డబ్బు.

మౌస్ లేకుండా కూడా పని నడుస్తుంది. ట్యాబ్ మీట నొక్కితే ఒక గడి నుంచి మరొక గడికి పోవచ్చు. వెనక్కు రావాలంటే షిఫ్ట్ పట్టుకొని ట్యాబ్ నొక్కాలి. ఎంటర్ నొక్కితే చాలాచోట్ల క్లిక్ చేసినట్టే. ఎంపిక గడిలో గుర్తు పెట్టడానికి పొడుగు మీట, అంటే స్పేస్ బారు. తెరిచి ఉన్న ప్రోగ్రాముల మధ్య తిరగడానికి ఆల్ట్, ట్యాబ్ కలిపి నొక్కాలి. అంకెల భాగం విడిగా ఉన్న కీబోర్డయితే ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కి, అడిగినదానికి ఎంటర్ కొడితే అంకెలే మౌస్ అవుతాయి. 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకు, 6 కుడికి బాణాన్ని నడుపుతాయి. 5 నొక్కితే క్లిక్ పడుతుంది. ఈ నాలుగు మాటలూ ఒక అట్ట మీద రాసి బల్ల పైన గోడకు అంటించండి. అవసరం వచ్చిన రోజున వెతుక్కోనక్కర లేదు.

వరుసగా చేయవలసిన పరీక్షలు

ఇవి విండోస్ ఉన్న యంత్రాలకు చెప్పే మాటలు. పాలవేళ ముగిసిన తరువాత నిదానంగా చెయ్యండి.

ఒకటి. ముందు కంటితో చూడండి. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి పక్కనుంచి వంగి చూడండి. టచ్‌ప్యాడ్ చుట్టుపక్కల మట్టానికి సమానంగా ఉన్నదా, పైకి లేచిందా? లేచి ఉంటే మిగిలిన పరీక్షలు చెయ్యవద్దు. యంత్రాన్ని ఆపి, చార్జరు తీసివేయండి. దాని సంగతి కొద్దిసేపటిలో చెబుతాము.

రెండు. చేతులు, పలక తుడవండి. పాల చుక్క, నీటి తడి, వెన్న జిడ్డు ఉంటే పలక వేలిని సరిగ్గా గుర్తించదు. యంత్రాన్ని ఆపి, కొద్దిగా తడిపి బాగా పిండిన మెత్తని గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. నీళ్ళు చల్లవద్దు. అంచున ఉన్న సందులో దాణా పొడి, దుమ్ము చేరినా నొక్కు దిగదు. మెత్తని కుంచెతో దులపండి. సూది గాని పిన్నీసు గాని దూర్చవద్దు.

మూడు. ప్రోగ్రాము చిక్కుకున్నదేమో చూడండి. తూకం యంత్రం నుంచో, పాల పరీక్ష యంత్రం నుంచో అంకె రాక ప్రోగ్రాము ఎదురు చూస్తూ ఉంటే క్లిక్కులు పడనట్టే కనిపిస్తుంది. ఒక్కొక్కప్పుడు ఏదో ప్రశ్న అడుగుతున్న చిన్న గడి వెనుక దాగి ఉంటుంది. ఆల్ట్, ట్యాబ్ నొక్కి చూడండి. మరొక ప్రోగ్రాములో క్లిక్ పడుతూ ఉంటే మీ టచ్‌ప్యాడ్ మంచిదే.

నాలుగు. యంత్రాన్ని రీస్టార్ట్ చెయ్యండి. షట్‌డౌన్ చేసి మళ్ళీ వేస్తే చాలదా అని అడుగుతారు. ఈ కాలపు విండోస్ షట్‌డౌన్‌లో కొంత స్థితిని దాచుకొని, తిరిగి అదే తెస్తుంది. రీస్టార్ట్ అయితే అంతా కొత్తగా మొదలవుతుంది. క్లిక్ లేకుండా చెయ్యాలంటే విండోస్ మీట, ఎక్స్ కలిపి నొక్కి, వదిలి, యు నొక్కి, తరువాత ఆర్ నొక్కండి. దానికి ముందు రాసిన లెక్కను భద్రపరచండి.

ఐదు. ఎవరైనా ఆపివేశారేమో చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో పై వరుస మీటలలో ఒకదాని మీద టచ్‌ప్యాడ్ బొమ్మ ఉంటుంది. ఎఫ్‌ఎన్ మీటతో కలిపి దానిని నొక్కితే టచ్‌ప్యాడ్ ఆగుతుంది, మళ్ళీ నొక్కితే పని చేస్తుంది. చేయి పొరపాటున తగిలి ఆగినవే ఎక్కువ. తరువాత విండోస్ మీట నొక్కి, టచ్‌ప్యాడ్ అని ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేసి ఎంటర్ కొడితే అమరికల పుట తెరుచుకుంటుంది. ఒక వేలితో తట్టితే క్లిక్ పడాలన్న గుర్తు అక్కడ పెట్టి ఉన్నదా చూడండి. స్విచ్చి అరిగిపోయినా తట్టుడుతో పని నడుస్తుంది. మౌస్ తగిలించినప్పుడు టచ్‌ప్యాడ్ ఆగిపోయేలా కూడా ఆ పుటలోనే అమర్చవచ్చు. అది తెలియక కొందరు మౌస్ తగిలించి ఉంచి, టచ్‌ప్యాడ్ చెడిందని అనుకుంటారు. ఇక మౌస్ ఎడమ క్లిక్ పని కుడి బొత్తాముకు మారి ఉంటే, మౌస్ అమరికల పుటలో ప్రధాన బొత్తామును తిరిగి ఎడమకు పెట్టాలి.

ఆరు. చార్జరు తీసి చూడండి. బాణం గంతులు వేస్తూ, క్లిక్ ఒకచోట కొడితే మరొకచోట పడుతూ, చార్జరు తియ్యగానే బాగుపడితే దోషం టచ్‌ప్యాడ్‌లో లేదు. చార్జరులోనో, గోడ ప్లగ్గు ఎర్తులోనో ఉన్నది. మూడు ముల్లుల ప్లగ్గును రెండు రంధ్రాలలో పెట్టి నడిపే చోట ఇది సామాన్యం. ఎర్తు లేకపోవడం పలకకే కాదు, తడి నేల మీద నిలబడి పని చేసే మనుషులకు కూడా ప్రమాదమే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు సరిచేయించండి.

ఏడు. మరొక మౌస్ పెట్టి చూడండి. తీగ ఉన్న మౌస్ తగిలించగానే పని చేస్తే, ప్రోగ్రాము మంచిదే, దోషం టచ్‌ప్యాడ్‌లో గాని దాని డ్రైవరులో గాని ఉన్నది. రెండింటికీ క్లిక్ పడకపోతే దోషం విండోస్‌లోనో, ప్రోగ్రాములోనో ఉన్నది. చెడినది మౌసే అయితే వేరే రంధ్రంలో, తరువాత వేరే కంప్యూటరులో పెట్టి చూడండి. అక్కడా పడకపోతే మౌసే పోయింది. తీగ లేని మౌస్ అయితే ముందు దాని బ్యాటరీ మార్చండి.

ఎనిమిది. చివరగా డ్రైవరు. విండోస్ మీట, ఎక్స్ కలిపి నొక్కి, తరువాత ఎమ్ నొక్కితే డివైస్ మేనేజరు వస్తుంది. అందులో మౌస్ పరికరాల వరుసలో గాని, హ్యూమన్ ఇంటర్‌ఫేస్ పరికరాల వరుసలో గాని టచ్‌ప్యాడ్ పేరు ఉంటుంది. దానిని తొలగించి రీస్టార్ట్ చేస్తే విండోస్ సాధారణంగా తిరిగి తానే పెట్టుకుంటుంది. ఈ పని చేసేముందు తీగ మౌస్ ఒకటి దగ్గర ఉంచుకోండి.

అరిగిన మౌస్ చేసే మోసం

క్లిక్ పడకపోవడం కంటే ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడటం ఎక్కువ ప్రమాదం. మౌస్ బొత్తాము కింద ఉండే చిన్న స్విచ్చి అరిగితే ఇలా జరుగుతుంది. పడని క్లిక్ అందరికీ తెలుస్తుంది. రెండుసార్లు పడినది ఎవరికీ తెలియదు. ఒక సభ్యుని పాలు రెండుమార్లు ఎక్కవచ్చు, మరొకరి పేరు దాటిపోవచ్చు. పదిహేను రోజుల బిల్లు వచ్చిన నాడు అది తగవు అవుతుంది. కాబట్టి ప్రతి పూట చివర చీటీల మీది లీటర్ల మొత్తాన్ని క్యాన్లలో గాని కూలరులో గాని ఉన్న పాలతో సరిచూసి సంతకం చెయ్యండి. అరిగిన మౌస్‌ను ఇంకా నడిపిద్దామని చూడకుండా మార్చివేయండి.

పలక లేస్తే బ్యాటరీని అనుమానించండి

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. చాలా ల్యాప్‌టాప్‌లలో లిథియం బ్యాటరీ టచ్‌ప్యాడ్‌కు సరిగ్గా కిందనో, పక్కనో ఉంటుంది. వయసు మీరినా, ఎండ వేడిలో ఉన్నా, రాత్రింబగళ్ళు చార్జరుకు తగిలించి ఉంచినా బ్యాటరీ లోపల వాయువు పుట్టి అది ఉబ్బుతుంది. ఉబ్బిన బ్యాటరీ టచ్‌ప్యాడ్‌ను కిందినుంచి తోస్తుంది. అప్పుడు పలక దిగదు, క్లిక్ పడదు. అంటే క్లిక్ పడకపోవడం అక్కడ జబ్బు కాదు, జబ్బు గుర్తు.

దీని లక్షణాలు ఇవి: పలక ఒక అంచున లేచి ఉంటుంది. నొక్కితే గట్టిగా ఉంటుంది. మూత సరిగ్గా పడదు. చదునైన బల్ల మీద ల్యాప్‌టాప్ ఊగుతుంది. కింది మూత అంచుల వద్ద సందు కనబడుతుంది. వీటిలో ఏది కనిపించినా ఆ పూటకు ఆ యంత్రంతో పని ముగిసినట్టే. వెంటనే ఆపండి. చార్జరు తియ్యండి. మళ్ళీ చార్జి చెయ్యవద్దు. లేచిన పలకను నొక్కి సరిచేయాలని చూడవద్దు. బరువు పెట్టవద్దు. గాలి పోతుందని బ్యాటరీకి గుచ్చవద్దు. గుచ్చితే నిప్పు అంటుకుంటుంది. గడ్డి, కాగితాలు, గ్యాసు పొయ్యి లేని చోట రాతి నేల మీద విడిగా ఉంచండి. ఇది దాని కోరంటి. తెలిసిన మరమ్మతుదారుని చేత బ్యాటరీ మార్పించండి. బ్యాటరీ మారిన తరువాత పలక తనంత తాను మట్టానికి దిగి క్లిక్ పడటం కూడా ఉన్నది. పొగ వచ్చినా, వేడెక్కినా దాని జోలికి పోకుండా అందరినీ బయటకు పంపి 101కు గాని 112కు గాని ఫోను చెయ్యండి.

పాత బ్యాటరీని పెంటకుప్పలో వేయరాదు, మంటలో వేయరాదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం దానిని చెత్తలో కలపకుండా సేకరణకు అప్పగించాలి. మార్చిన దుకాణంలోనే అప్పగించి వచ్చే ఏర్పాటు చేసుకోండి.

పట్నంలో చదివే పిల్లలకు

సభ్యులలో ఎందరి పిల్లలో ఈ చుట్టుపక్కలనే ఉన్నారు. అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాలలో, చిక్కడపల్లి గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నారు. ఇరుకు గదులలో ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటారు. పాల డబ్బుతో కొనిచ్చిన పాత ల్యాప్‌టాప్ పరుపు మీద పెట్టుకుని చదివి, చార్జరు తగిలించి, దాని పక్కనే నిద్రపోతారు. పరుపు మీద గాలి ఆడక యంత్రం వేడెక్కుతుంది. బ్యాటరీ ఉబ్బితే టచ్‌ప్యాడ్ క్లిక్ పడదు. మౌస్ ఒకటి కొని తగిలించి అలాగే నడుపుతారు. ఇంట్లో అడగటానికి మొగమాటం. తల్లిదండ్రులకు మా మనవి ఏమంటే, ఈ రాత్రి ఫోను చేసినప్పుడు తిన్నావా అని అడిగిన నోటితోనే, నీ ల్యాప్‌టాప్ పలక లేచిందా చూడమని చెప్పండి. లేచి ఉంటే బ్యాటరీ డబ్బు పంపండి. అది దండుగ ఖర్చు కాదు.

మరమ్మతుకు ఇచ్చేటప్పుడు

దుకాణానికి పోయి చెడిపోయిందని మాత్రమే చెప్పవద్దు. బాణం కదులుతున్నది, తట్టితే క్లిక్ పడుతున్నది, నొక్కితే పడటం లేదు, తీగ మౌస్ పని చేస్తున్నది అని చెప్పండి. అంతా చూసి తెచ్చిన మనిషికి అక్కర లేని భాగం అంటగట్టడం కష్టం. మార్చిన పాత భాగం చూపించమని అడగండి. రసీదు తీసుకోండి. ఇచ్చేముందు సంఘం లెక్కలన్నీ పెన్ డ్రైవులోకి ఎక్కించి సంఘంలో ఉంచండి. సభ్యుల పేర్లు, బ్యాంకు ఖాతాల నంబర్లు అందులో ఉంటాయి. అవి పాలకవర్గం చేతిలో ఉండవలసినవి. ఉబ్బిన యంత్రాన్ని మాత్రం లెక్కలు తీయడానికని మళ్ళీ వేయవద్దు. రోజూ సాయంత్రం పెన్ డ్రైవులో ఎక్కించే అలవాటు ఉంటే ఆ అవసరమే రాదు.

సంఘం తీర్మానించవలసినవి

వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ ఐదు విషయాలు పెట్టండి. సంఘంలో ఎప్పుడూ తీగ మౌస్ ఒకటి అదనంగా ఉండాలి. చేతి పుస్తకం ఒకటి బల్ల మీదనే ఉండాలి. లెక్కలు ప్రతి సాయంత్రం పెన్ డ్రైవుకు ఎక్కాలి. ఎర్తు పరీక్ష చేయించాలి. నెలకొకసారి ల్యాప్‌టాప్‌ను పక్కనుంచి చూసి పలక మట్టంగా ఉన్నదని పుస్తకంలో రాయాలి. వీటికి అయ్యే ఖర్చు స్వల్పం.

సోదరులారా, సహకార సంఘంలో మొదటి పెట్టుబడి నమ్మకం. తెల్లవారుజామున చీకట్లో పాలు పితికి తెచ్చిన ఆడమనిషి, తన పాలు తన పేరున ఎక్కుతాయన్న నమ్మకంతోనే చెంబు మన చేతికి ఇస్తున్నది. యంత్రం ఒక పూట ఆగితే ఆమె ఓర్చుకుంటుంది. లెక్క ఒక పూట తప్పితే ఓర్చుకోదు, ఓర్చుకోనవసరమూ లేదు.

మీ మీ సంఘాలకు తిరిగి వెళ్ళగానే ల్యాప్‌టాప్‌ను ఒకసారి పక్కనుంచి వంగి చూడవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.